నిలబడ్డ నిమిషాలు: హాల్లో ఆటల ప్రాజెక్టు డైరీ

రోజు 0

తొమ్మిది రోజులుగా ముసురు వదలడం లేదు. బయట ఆడుకునే జాగా అంతా బురద. ఇంట్లో ఇద్దరు పిల్లలు. పెద్దదానికి 9 ఏళ్ళు, చిన్నోడికి 5 నిండి రెండు నెలలు. సాయంత్రం అయిదయ్యేసరికి సోఫా చేతుల మీంచి దూకుళ్ళు, తలుపులు పట్టుకుని ఊగడాలు, ఆఖరికి కొట్లాట, ఎవరో ఒకరి ఏడుపు. నిన్న ఆ ఏడ్చేదాన్ని నేనే అయ్యేదాన్ని.

అందుకని దీన్నొక ప్రాజెక్టులా పెట్టుకున్నాను. నాలుగు వారాలు, రోజూ సాయంత్రం 40 నిమిషాలు, ఇంట్లోనే, ఒళ్ళు కదిలే ఆటలు. కొత్తగా ఆటవస్తువులేవీ కొనకూడదు. తెర చూస్తూ ఆడేవి వద్దు. ఏ రోజుది ఆ రోజు రాసి పెట్టాలి. రాయకపోతే మూడో రోజుకే నీరుగారిపోతుంది, నా సంగతి నాకు తెలుసు.

40 నిమిషాలే ఎందుకంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో 5–17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఓ మోస్తరు నుంచి గట్టి శ్రమ ఉండాలని ఉంది. వారంలో కనీసం మూడు రోజులు కండకూ ఎముకకూ బలమిచ్చేవి కూడా అందులో ఉండాలి. బడిలో, మెట్ల మీద, అక్కడా ఇక్కడా ఓ 20 నిమిషాలు అవుతాయనుకున్నా మిగతా 40 నా వాటా. చిన్నోడు మొన్నమొన్నటి దాకా వేరే ఖాతాలో ఉండేవాడు. 3–4 ఏళ్ళ వాళ్ళకు అదే సంస్థ 2019లో చెప్పిన లెక్క రోజుకు 180 నిమిషాల కదలిక, అందులో 60 కాస్త గట్టిది. 180 అని చదివి గుండె గుభేలుమంది గానీ వాణ్ణి ఒక్క పూట చూస్తే అర్థమైంది. వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

బెంగంతా పెద్దదాని గురించే. 11–17 ఏళ్ళ వాళ్ళ మీద 146 దేశాల 2016 నాటి లెక్క తీస్తే 81 శాతం మందికి ఆ 60 నిమిషాలు అందడం లేదు. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85. ఇంకో రెండేళ్ళలో మాది ఆ వయసులో అడుగుపెడుతుంది. ఇప్పటికే పుస్తకం పట్టుకుని మూలకు చేరిందంటే ఇక లేవదు.

రోజు 1

ముందు కొలత. టీపాయ్ బయటికి జరిపితే హాల్లో 10 అడుగులకు 12 అడుగుల ఖాళీ వచ్చింది. పడగ్గదుల మధ్య ప్యాసేజ్ 14 అడుగులు. ఇదే మా మైదానం.

రెండు ఫోన్లలో రెండు స్టాప్‌వాచ్‌లు పెట్టుకున్నాను, ఒక్కొక్కరికి ఒకటి. పిల్ల కదిలినప్పుడు నొక్కడం, ఆగినప్పుడు మళ్ళీ నొక్కడం. నేనేమీ చెప్పకుండా వాళ్ళకు తోచిన ఆటలు ఆడుకోమన్నాను. దాగుడుమూతలు ఆడారు, కుర్చీలాట ఆడారు, కాసేపు తొక్కుడుబిళ్ళ ఆడారు.

40 నిమిషాల్లో పెద్దది కదిలింది 13 నిమిషాల 20 సెకన్లు. చిన్నోడు 9 నిమిషాలు!

నేను తప్పు నొక్కానేమో అనుకున్నాను. లేదు. దాగుడుమూతల్లో దాక్కున్నవాడు బీరువా పక్కన బిగుసుకుని కూర్చుంటాడు, అది ఆటలో భాగమే. తొక్కుడుబిళ్ళలో ఒకరు గెంతుతుంటే రెండోవాళ్ళు నడుం మీద చెయ్యేసుకుని నిలబడతారు. ముందు ఎవరు అన్న తగువుకు నాలుగు నిమిషాలు. ‘నువ్వు గీత తొక్కావు’, ‘తొక్కలేదు’ ఇంకో మూడు. కుర్చీలాటలో చిన్నోడు మొదటి విడతలోనే ఔట్, ఆ తర్వాత సోఫాలో గోళ్ళు కొరుక్కుంటూ ప్రేక్షకుడు.

నేననుకున్నది పిల్లలకు ఆటలు చాలడం లేదని. కాగితం మీద పాతిక ఆటల పేర్లు రాసి పెట్టుకున్నాను కూడా. ఆ కాగితం పక్కన పెట్టేశాను. ఆటలున్నాయి. ఆ ఆటల్లోనే నిలబడ్డ నిమిషాలు ఎక్కువ ఉన్నాయి.

రోజు 2

ఆట లేదు, జాగా సర్దుడు. విసుగు పని, అయినా తప్పదు.

పుస్తకాల అలమర గోడకు బిగించి లేదు. చిన్నోడు పై అరకు వేలాడితే మొత్తం మీదకొస్తుంది. రెండు ఎల్ క్లాంపులు వేసి గోడకు బిగించాం. టీవీ స్టాండు మూలలకు పాత స్పాంజి ముక్కలు కట్టాను. తలుపుల సందులో వేళ్ళు పడకుండా తువ్వాలు చుట్టి తలుపు పైనుంచి వేశాను, ఇక అది పూర్తిగా మూసుకోదు. టైల్స్ మీద సాక్సులు ససేమిరా వద్దు, ఉత్త కాళ్ళే. నేల తడిగా ఉంటే ఆట మొదలవదు. మంచం మీద గెంతడం రద్దు, పైన ఫ్యాను తిరుగుతుంటుంది.

రోజు 3

గీతల కోసం టేపు. మొదట ఇంట్లో ఉన్న బ్రౌన్ టేపు వేశాను. గంట తర్వాత బుద్ధి తెచ్చుకుని పీకితే జిగురంతా టైలుకే మిగిలింది, దాని మీద దుమ్ము పట్టి నల్లటి చార. దాన్ని నూనె గుడ్డతో రుద్ది వదిలించేసరికి నాకే ఆ రోజు వ్యాయామం అయిపోయింది. ఆటవస్తువులు కొనకూడదనుకున్న నియమానికి ఒక్క సడలింపు ఇచ్చి, గోడలకు రంగులేసేవాళ్ళు వాడే కాగితపు టేపు తెప్పించాను. చేత్తో చిరుగుతుంది, ఊడదీస్తే శుభ్రంగా వస్తుంది. వారానికోసారి తీసి కొత్తది వేసుకోవాలి, అంతకంటే ఉంచితే అదీ మొండికేస్తుంది.

రోజు 4

తొక్కుడుబిళ్ళకు మరమ్మతు. ఒకరు గెంతితే ఒకరు నిలబడుతున్నారు కదా, ప్యాసేజ్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే వరుసగా 9 గళ్ళు వేశాను. చెరో చివర ఒకరు. ఇద్దరూ ఒకేసారి బయల్దేరి ఎదురెదురుగా గెంతుతూ రావాలి. ఎక్కడ కలుసుకుంటే అక్కడ ఆగి రాయి–కాగితం–కత్తెర. ఓడినవాళ్ళు వెనక్కి పరిగెత్తి మొదటి గడి నుంచి రావాలి, గెలిచినవాళ్ళు ముందుకు. ఎదుటివాళ్ళ చివరి గడి తొక్కితే ఒక పాయింటు.

దీంట్లో నాకు నచ్చిందేమిటంటే గెలుపు చేతి మీద ఆధారపడుతుంది, కాలి మీద కాదు. అక్క కాలు పొడుగైనా తమ్ముడు గెలవగలడు. వాడికి ఓడిపోయిన ప్రతిసారీ ఎక్కువ పరుగు. 10 నిమిషాల ఆటలో పెద్దది 6 నిమిషాల 40, చిన్నోడు 7 నిమిషాల పైన. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

రోజు 5

కింది ఇంటి పెద్దాయన తలుపు తట్టారు. ‘ఏమ్మా, పైన ఏదైనా పని చేయిస్తున్నారా? పచ్చడి బండ మోగినట్టు ధన్ ధన్‌మంటోంది’ అన్నారు. మర్యాదగానే అన్నారు, అందుకే ఇంకా సిగ్గేసింది. ఆయన భార్యకు మైగ్రేన్ అట. ఆరున్నర లోపు ఎంతైనా ఫరవాలేదు, తర్వాత మాత్రం వద్దన్నారు. ఆట వేళను 5:30 నుంచి 6:10 వరకు అని మార్చాను.

‘అంకుల్, ఒక్క పది నిమిషాలు మీ హాల్లో నిలబడి వినొచ్చా?’ అని అడిగాను. ఆయన నవ్వి రమ్మన్నారు.

కింద నేను, పైన మా ఆయన, మధ్యలో ఫోను. ‘ఇప్పుడు ఒంటికాలి గెంతు’ అంటారాయన, నెత్తిన రోకలి దంచినట్టు. రెండు కాళ్ళ గెంతు అంతకంటే అన్యాయం. మామూలు పరుగులో మడమలు పడ్డప్పుడల్లా చప్పుడు, మునివేళ్ళ మీద పరుగెడితే దాదాపు లేదు. మందపాటి దుప్పటి నాలుగు మడతలు వేసి దాని మీద గెంతిస్తే చప్పుడు మొద్దుబారింది. చేతులూ కాళ్ళూ నేల మీద పెట్టి ఎలుగుబంటిలా నడిస్తే అసలేమీ వినపడలేదు, ‘మొదలెట్టారా?’ అని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. అరుపులు మాత్రం మేమనుకున్నంత కిందికి రాలేదు.

పైకొచ్చాక ఆలోచిస్తే అర్థమైంది. అరుపు గాలిలో పుట్టి గాలిలోనే పోతుంది, స్లాబు దాన్ని చాలావరకు ఆపేస్తుంది. అడుగు నేరుగా స్లాబునే కొడుతుంది, స్లాబే మోగుతుంది. అలాంటప్పుడు ‘అరవకండ్రా’ అని ఇన్నాళ్ళూ నేను అరిచిందంతా వృథా. ఆపాల్సింది దెబ్బని.

రోజు 6

కొత్త నియమం, పేరు ‘దొంగపిల్లి’. గెంతి నేల మీద వాలినప్పుడు అక్కకో తమ్ముడికో చప్పుడు వినబడితే మొదటి గడికి పోవాలి. ముందు మునివేళ్ళు, తర్వాత మడమ, మోకాళ్ళు మడిచి కిందికి కుంగాలి. నేను చూపిస్తుంటే నా మోకాళ్ళు చేసిన చప్పుడుకి నన్నే మొదటి గడికి పంపారు.

శబ్దం తగ్గించడానికని పెట్టిన ఈ నియమం వల్ల ఆట కష్టమైంది. మెత్తగా వాలాలంటే తొడల్లో బలం కావాలి. పది గెంతులకే పెద్దది ‘అమ్మా, ఇక్కడ మండుతోంది’ అని తొడ పట్టుకుంది. గెంతి వాలడం ఎముకకు బలమిచ్చే కసరత్తుల్లో ఒకటి, వారంలో మూడు రోజుల లెక్క ఇందులోనే కలిసిపోతుంది. దుప్పటి కింద జారకుండా రబ్బరు డోర్‌మ్యాట్లు వేశాను.

రోజు 8

జంతువుల నడక. ఎలుగుబంటి అంటే అరచేతులూ పాదాలూ నేల మీద, మోకాళ్ళు తగలకూడదు. పీత అంటే పొట్ట పైకి, చేతులు వెనక, అడ్డంగా నడవాలి. కప్ప గెంతు. కుందేలు. చిన్నోడి సొంత సృష్టి ‘దెబ్బతగిలిన కుక్క’, మూడు కాళ్ళ మీద నడక. అదే అన్నిటికన్నా కష్టం.

అట్టపెట్టెలతో రెండు పాచికలు చేశాం. ఒకదాని ఆరు ముఖాల మీద ఆరు జంతువుల బొమ్మలు, రెండోదాని మీద ప్యాసేజ్‌లో ఎన్ని చుట్లో. ఉత్త పెట్టెలైతే రెండో విసురుకే మూల నలిగిపోయింది. విప్పి లోపల పాత బట్టలు కుక్కి, అంచుల మీద టేపు వేస్తే గట్టిపడ్డాయి. బొమ్మలు పెద్దది గీసింది. పీతకు పది కాళ్ళుంటాయని లెక్కపెట్టి మరీ వేసింది, పాపం ఒక ముఖమంతా కాళ్ళే.

ఒక్కటే చిక్కు. ఒకరు పాచిక వేస్తుంటే రెండోవాళ్ళు చూస్తూ నిలబడుతున్నారు. ఇద్దరూ ఒకేసారి చెరొక పాచిక విసరాలని మార్చాం, పడ్డది ఇద్దరికీ వర్తిస్తుంది. అక్కడ దొరికింది నిమిషంన్నర.

శ్రమ చాలుతోందా లేదా తెలుసుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. ఆట మధ్యలో మాట్లాడించాలి. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే ఓ మోస్తరు శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే గట్టి శ్రమ. ఎలుగుబంటి నడక మూడో చుట్టులో చిన్నోణ్ణి పాట పాడమన్నాను. మొదటి లైను సగంలో ఆపి, ‘నువ్వు... పాడు’ అన్నాడు.

రోజు 10

దుప్పటి బండి. పాత దుప్పటి మీద చిన్నోడు బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు, అక్క రెండు కొసలూ పట్టుకుని వెనక్కి నడుస్తూ ప్యాసేజ్ పొడుగునా లాగుతుంది. నిలబడకూడదు, కూర్చోవడమే, వెనక్కి పడితే తల నేలకు తగులుతుంది. చిన్నోడి వంతు వచ్చినప్పుడు అక్క కూర్చోదు, దిండ్లూ పుస్తకాల సంచీ ఎక్కుతాయి. సంచిలో ఇంకా పుస్తకాలు పెట్టమని వాడే గొడవ. చప్పుడు సున్నా, బలం పని నూరు పాళ్ళు. పైగా ప్యాసేజ్ తుడిచినట్టయింది.

రోజు 12

బెలూను. తేలిక కాబట్టి గాలి దాన్ని పట్టి ఉంచుతుంది, మెల్లగా దిగుతుంది, గోడకు తగిలినా ఏదీ పగలదు. నేల తాకనివ్వకూడదు, అంతే ఆట. ఇద్దరి మధ్య ఒక బెలూను ఉన్నప్పుడు పెద్దదే అన్నీ కొట్టేసింది. రెండు వేస్తే సమానమైంది. మూడు వేస్తే ఇల్లు ఇల్లంతా పరుగు.

తర్వాత ఒకటి పేలింది. నేను చూసేసరికి చిన్నోడు ఆ ముక్కను నోట్లో పెట్టుకుని బుడగ ఊదే ప్రయత్నంలో ఉన్నాడు. వేలు పెట్టి లాగేశాను. ఏమీ కాలేదు, నాకే పావుగంట చేతులు వణికాయి. పేలిన ముక్కలూ ఊదని బెలూన్లూ 8 ఏళ్ళ లోపు పిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉందని అమెరికాలో బెలూను ప్యాకెట్ల మీద హెచ్చరిక వేస్తారు. అది నాకు తెలుసు. తెలిసీ ఆ పక్క చూడలేదు.

రాత్రి కూర్చుని పాత చున్నీ చింపి నాలుగు రెక్కలు కుట్టి గుండ్రటి తొడుగు చేశాను. బెలూను లోపల పెట్టి ఊది, మూతి ముడేసి, తొడుగు నోరు బొత్తాములతో మూసేయాలి. పేలినా ముక్కలు లోపలే ఉంటాయి. కాస్త బరువెక్కింది, తొందరగా దిగుతోంది. ఇంకా మంచిదే, పరుగు పెరిగింది. ఆట అయ్యాక తొడుగుతో సహా పై అరలోకి. బెలూను ఊదేదీ తీసేదీ నేనే.

రోజు 14

చెడ్డ రోజు. నాకు ఒంట్లో బాగోలేదు. ఫోన్లో పిల్లల డ్యాన్సు వ్యాయామం వీడియో పెట్టి పడుకున్నాను. ఆరు నిమిషాలు చేశారు. లేచి చూస్తే ఇద్దరూ సోఫాలో, ఎవరో బొమ్మల పెట్టెలు విప్పుతున్న మూడో వీడియోలో. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ఒకటి అవ్వగానే ఇంకోటి దానంతటదే వస్తుంది.

జపానులో 1928 నుంచి రేడియోలో కసరత్తు పాఠం వస్తోంది. పియానో, ఒక గొంతు, ఒక్కో విడత ఓ మూడు నిమిషాలు. చూడ్డానికేమీ లేదు కాబట్టి చూస్తూ కూర్చునేవాళ్ళూ ఉండరు. నేనూ అలాంటిదే చేశాను. నా గొంతుతో మూడు నిమిషాల పిలుపులు రికార్డు చేసిపెట్టాను: ‘కప్ప! కప్ప! కప్ప! చెట్టు! దొంగపిల్లి, అయిదు!’ ఫోన్ని బోర్లా పెట్టి మోగిస్తే చాలు. నాకు నీరసంగా ఉన్న రోజుకి అదే ఆధారం.

రోజు 16

ఔట్ గురించి పెద్ద రచ్చ.

పాట ఆగితే బిగుసుకుపోయే ఆట ఆడుతున్నారు. కదిలినవాడు ఔట్. ప్రతిసారీ ఔటయ్యేది చిన్నోడే. అయిదేళ్ళవాడు బొమ్మలా ఎక్కడ నిలబడతాడు? ఎవరికి కదలిక ఎక్కువ కావాలో వాణ్ణే ఆట కూర్చోబెడుతోంది. ఇంతకన్నా తలకిందుల వ్యవహారం ఉందా? ఇక మీద ఔట్ లేదు అన్నాను. కదిలితే అయిదు కప్ప గెంతులు వేసి మళ్ళీ ఆటలోకి.

పెద్దది కస్సుమంది. ‘అయితే గెలిచేదెవరు?’

‘గెలుపెందుకే, అందరూ ఆడతారుగా’ అన్నాను.

‘మరి నేనెందుకు కదలకుండా ఉండాలి?’

నా దగ్గర జవాబు లేదు. ఔట్ లేకపోతే ఒడుపుకు విలువేముంది? అది అడిగింది న్యాయమే. రాత్రి దాకా ముఖం మాడ్చుకుంది.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. 35 నిమిషాలు ఔట్లు లేని ఆటలు. అందులో నిన్నటి లెక్క దాటారా లేదా అన్నదే ఇద్దరి ఉమ్మడి పోటీ. ఆఖరి 5 నిమిషాలు నిజమైన పోటీ, గెలుపూ ఓటమీ ఉన్నది. ఏ ఆటో పెద్దది ఒక రోజు, చిన్నోడు ఒక రోజు ఎంచుకుంటారు. చిన్నోడు తన రోజున ఎప్పుడూ దెబ్బతగిలిన కుక్క పందెమే పెడతాడు. అందులో వాడే గెలుస్తాడు, పొడుగు కాళ్ళు అడ్డం కదా.

రోజు 18

పక్కింటి పిల్లలు ముగ్గురు చేరారు. మొత్తం అయిదుగురు, 10 బై 12. ‘నేల నిప్పులు’ ఆడారు. దిండ్లు బండలు, నేలంతా నిప్పు. పావుగంట అద్భుతంగా సాగింది, ఆ తర్వాత రెండు తలలు ఢీ. పెద్దదాని నుదుటి మీద నిమ్మకాయంత బుడిపె. చల్లటి గుడ్డ పెట్టి, రాత్రి దాకా కనిపెట్టుకుని ఉన్నాను. వాంతి, మత్తు, తలనొప్పి ఏవీ లేవు.

తప్పు నాది. ఇద్దరికి వేసిన జాగాలో అయిదుగుర్ని వదిలాను. మార్పులు: దిండ్ల మీద అందరూ ఒకే దిక్కుకు, గుండ్రంగా తిరగాలి. ఎదురు రాకూడదు. హాల్లో పరుగు లేదు, పాకుడూ గెంతుడూ మాత్రమే. పరుగు ప్యాసేజ్‌లో, అక్కడా ఒక్కసారి ఇద్దరే. ముఖ్యమైనది, గోడ ముట్టుకుని తిరగడం ఇక లేదు. గోడకు నాలుగడుగుల ముందే టేపు గీత. గోడే గమ్యమైతే పిల్ల గోడ దాకా వేగం తగ్గించదు. అది నాకు బుడిపె చూశాక తట్టింది.

రోజు 21

ఈ రోజు నా లెక్కే తప్పని తెలిసింది.

చిన్నోడు ఆట మధ్యలో నేల మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను వంక చూస్తున్నాడు. నేను స్టాప్‌వాచ్ ఆపి, ‘లే నాన్నా, నిమిషాలు పోతున్నాయి’ అన్నాను. లేవలేదు. రెండోసారి గట్టిగా అన్నాను. వాడి కళ్ళలో నీళ్ళు.

పిల్లల కదలికల్ని సెకన్ల లెక్కన గమనించిన పాత అధ్యయనం ఒకటుంది, 1995లో అచ్చయింది. 6–10 ఏళ్ళ పిల్లలు మామూలుగా ఆడుకుంటున్నప్పుడు గట్టి కదలిక ఒక్కోటి ఎంతసేపు సాగుతుందో చూస్తే మధ్యస్థంగా తేలింది 3 సెకన్లు. 95 శాతం 15 సెకన్ల లోపే అయిపోయాయి. ఉరకడం, ఆగడం, మళ్ళీ ఉరకడం, అదే వాళ్ళ తీరు. పెద్దవాళ్ళలా అరగంట ఒకే వేగంతో సాగడం వాళ్ళ ఒంట్లో లేదు.

నేను మూడు వారాలుగా ఆగిన ప్రతి సెకనునూ శత్రువులా చూస్తున్నాను. వాడంతట వాడు ఆగడం వేరు, ఆట వాణ్ణి ఆపడం వేరు. వెల్లకిలా పడుకున్నవాడు ఊపిరి తీసుకుంటున్నాడు, 20 సెకన్లకు తనే లేచి పోతాడు. వరుసలో వంతు కోసం నిలబడ్డవాడు ఊరికే నిలబడ్డాడు. స్టాప్‌వాచ్‌కి రెండూ ఒకటే, నాకు కాకూడదు.

ఈ రోజు నుంచి రాసేది రెండే: ఎంత కదిలారు, ఆట వల్ల ఎంత ఆగారు. వాళ్ళంతట వాళ్ళు ఆగింది రాయను.

రోజు 22, 23, 24

ప్రత్యేకం ఏమీ లేదు. పాచికలు, దుప్పటి బండి, ఎదురు తొక్కుడుబిళ్ళ. ఒక పాచిక అంచు విచ్చుకుంది. 23న పెద్దది ‘బోరు’ అంది. కొత్త ఆట వెతకలేదు, పాత ఆటకే ఒక నియమం తనను మార్చమన్నాను. రాయి–కాగితం–కత్తెర చేతులతో కాక కాళ్ళతో అంది. కాళ్ళు దగ్గరగా ఉంటే రాయి, ఎడంగా ఉంటే కాగితం, ముందూ వెనకా అయితే కత్తెర. ప్రతిసారీ ఒక గెంతు ఎక్కువ పడింది, నిలబడి వేళ్ళాడించే ఆ నాలుగు సెకన్లూ పోయాయి. ఇరవై రోజులుగా నాకు తట్టలేదు.

రోజు 26

మళ్ళీ కొలత, మొదటి రోజులాగే 40 నిమిషాలు. పెద్దది 25 నిమిషాల 10 సెకన్లు. చిన్నోడు 23:30. ఆట వల్ల ఆగింది పెద్దది 5 నిమిషాలు, చిన్నోడు 4. మొదటి రోజున 9 నిమిషాలు కదిలినవాడు వాడు. రోజుకు 60 నిమిషాలంటే ఈ 40లో 40 నా వాటా అనుకున్నాను, అంత రాలేదు. రానక్కర్లేదని కూడా ఇప్పుడు అనిపిస్తోంది. మిగతాది ఉదయం ఓ పదిహేను నిమిషాలుగా విడగొడదామని ఆలోచన. ఒక్క దెబ్బకే రావాలని ఎక్కడా లేదుగా, ఆ 60 రోజంతటిలో కలిపి చూసుకునేదే.

కొలత అయ్యాక పెద్దది ఓ కాగితం తెచ్చి ఇచ్చింది. నాకు తెలియకుండా గోడ గడియారం చూసుకుంటూ నా లెక్క తీసిందట. పైన ‘అమ్మ’, కింద ‘2 నిమిషాలు’, దాని పక్కన బ్రాకెట్లో ‘ఫోను కిందపడితే వంగింది’.

పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ కావాలన్నది ఆ 2020 సూచనల్లోనే ఉంది. ఆ పేజీ దాటుకునే నేను పిల్లల పేజీకి వెళ్ళాను.

రోజు 27

స్టాప్‌వాచ్ బల్ల మీద పెట్టేశాను. ఎదురు తొక్కుడుబిళ్ళలో ఒక చివర నేను, ఇంకో చివర వాళ్ళిద్దరూ ఒకరి వెనక ఒకరు. రాయి–కాగితం–కత్తెరలో చిన్నోడి చేతిలో వరసగా నాలుగుసార్లు ఓడాను. వెనక్కి పరిగెత్తిన ప్రతిసారీ ఇద్దరూ గోడకు చెవి ఆనించి నా అడుగుల చప్పుడు విన్నారు. మూడుసార్లు దొంగపిల్లి నియమం కింద మొదటి గడికి పంపారు. రెండుసార్లు పంపడం న్యాయమే.

రేపు: పాచిక అంచుకు మళ్ళీ టేపు. ప్యాసేజ్ గీతలు తీసి కొత్తవి, గళ్ళు కాస్త పెద్దవి, నా పాదం పట్టడం లేదు.